నూరు దగ్గర ఆగిన ముల్లు

జూన్ 16 ఉదయం 6 గంటల 10 నిమిషాలకు నారిన్ ఆసుపత్రిలో నాలుగో మనిషి చనిపోయాడు. పేరు సగిన్‌బాయ్. వయసు 41. వడ్రంగి. మూడు రోజుల కిందట పొరుగింటి పైకప్పు వేయడానికి సాయం వెళ్ళి, మధ్యాహ్నం డబ్బా మాంసం రొట్టె మీద పెట్టుకుని తిన్నాడు. ఆ మాంసం తిన్నవాళ్ళు పదకొండు మంది. ముగ్గురు అతనికంటే ముందే పోయారు. మిగిలిన ఏడుగురిలో ఇద్దరికి యంత్రంతో ఊపిరి అందిస్తున్నారు.

డాక్టరు రాసిన కారణం బొటులిజం. డబ్బాలో సరిగా ఉడకని మాంసంలో బతికి మిగిలిన క్రిమి వదిలే విషం అది. మొదట కళ్ళకు ఒకటి రెండుగా కనిపిస్తుంది. తరువాత మింగుడు పడదు. తరువాత ఊపిరి ఆగుతుంది. మనిషి చివరిదాకా స్పృహలోనే ఉంటాడు.

డబ్బాలు ఊరి తూర్పు చివర ఉన్న మాంసం ఫ్యాక్టరీవి. జూన్ 5న ఉడికించిన బ్యాచ్. ఎనిమిది డబ్బాలు. ఆ బ్యాచ్ ఉడికించిందీ, ఆ ఎనిమిది డబ్బాలూ ఆ ఇంటికి మోసుకెళ్ళిందీ ఒకే మనిషి. జిపార్ తుర్దుకానోవా, 34 ఏళ్ళు, ఆటోక్లేవ్ ఆపరేటరు.

ఉదయం 8:30కి ప్రాంతీయ పోలీసు నేర విభాగం మేజర్ బురుల్ చొతొనోవా ఫ్యాక్టరీకి వచ్చింది. ఆమెకు 51. ఊళ్ళో సగం మంది ఆమెను పేరు పెట్టి పిలవరు, ఎజె అంటారు, అంటే అక్క. డైరెక్టరు గదిలో డైరెక్టరు కుర్చీలో ఇల్గిజ్ కెరింకులొవ్ కూర్చుని ఉన్నాడు. రాజధాని నుంచి ప్రాసిక్యూటరు ఆఫీసు పంపిన పరిశోధకుడు. ఏడేళ్ళ కిందట ఆరు నెలలు బురుల్ కింద పని నేర్చుకున్నాడు.

"ఆలస్యం చేశారు, ఎజె," అన్నాడు. "కేసు వండేశాం. వడ్డించడమే మిగిలింది."

"తినాల్సింది ఎవరు?" అంది బురుల్.

అతను బల్ల మీద ఉన్న కాగితం ఆమె వైపు తోశాడు. జిపార్ అరెస్టు ఉత్తర్వు. సాయంత్రం 5 గంటలకు ఆమెను తన కారులో రాజధానికి తీసుకెళ్తానని చెప్పాడు. నలుగురి చావు, ఏడుగురి ప్రాణాపాయం. పదిహేనేళ్ళకు తగ్గదు.

అతని వాదన క్లుప్తంగా ఉంది. డబ్బాలను ఇనుప తట్టల్లో పేర్చి, ఆటోక్లేవ్ అనే పీపాలోకి దించి, 120 డిగ్రీల ఆవిరిలో తొంభై నిమిషాలు ఉడికిస్తారు. జూన్ 5న వేడి 120, సమయం తొంభై. గీత గీసే యంత్రం ఇచ్చిన కాగితం అదే చెబుతోంది. థర్మామీటరుకు ఈ ఏడాది సరిచూసిన సర్టిఫికెట్ ఉంది. కాబట్టి యంత్రం తప్పు కాదు. ఒక తట్ట పీపాలోకి దిగకుండానే పక్క దారిన గోదాములోకి వెళ్ళిపోయింది. తట్టలు తోసేది జిపార్ ఒక్కతే.

ఒక్కో తట్టకు ఒక కాగితం పట్టీ కడతారు, ఆవిరి తగిలితే తెల్లది నల్లబడుతుంది. ఆ రోజు పట్టీలు ఏమయ్యాయని బురుల్ అడిగింది. రిజిస్టరులో అంటించి ఉన్నాయని, పన్నెండూ నల్లగానే ఉన్నాయని ఇల్గిజ్ ఒప్పుకున్నాడు. వాటి మీద నంబర్లు వరసగా ఉన్నాయి.

"పన్నెండు తట్టలకు పన్నెండు పట్టీలు," అంది బురుల్. "పచ్చి తట్టకు నల్ల పట్టీ ఎక్కడిది?"

"ముందు రోజు ఒకటి దాచుకుంది."

"నంబరు మార్చి రాసిందా?"

"అది ఆమే చెబుతుంది. రాజధానిలో చెబుతుంది."

9:15కి బురుల్ జిపార్‌ను పనివాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో కలిసింది. గది బయట కానిస్టేబులు ఉన్నాడు. జిపార్ రెండు రోజులుగా అక్కడే ఉంది. ఆమె చేతి మీద పాత ఆవిరి మచ్చలున్నాయి. అడిగినదానికి మాత్రమే జవాబిచ్చింది.

జూన్ 5న ఏమైనా తేడాగా ఉందా అని బురుల్ అడిగింది. లేదంది. కరెంటు పోలేదు, ఆవిరి తగ్గలేదు, ఎవరూ వచ్చి తొందర పెట్టలేదు.

"రోజూ ఎలా ఉంటుందో ఆ రోజూ అలాగే ఉంది, ఎజె."

డబ్బాలు ఎలా వచ్చాయి? పనివాళ్ళకు నెలకు ఒక పెట్టె ఇస్తారు, పెట్టెకు ఇరవై నాలుగు. జూన్ పెట్టె 8న ఇచ్చారు. 13న పక్కింటివాళ్ళు పైకప్పు వేసుకుంటుంటే ఎనిమిది డబ్బాలు పట్టుకెళ్ళింది. ఇంటి పనికి సాయం వెళ్ళేవాళ్ళు ఒట్టి చేతులతో వెళ్ళరు. ఆమె అక్కడ తినలేదు, డ్యూటీకి వచ్చేసింది. మిగిలిన పదహారు పోలీసులు తీసుకున్నారు.

"సగిన్‌బాయ్ ఎలా ఉన్నాడు?" అని జిపార్ అడిగింది.

బురుల్ చెప్పింది. 

"నా చేత్తోనే మోసుకెళ్ళాను. మూత కూడా నేనే తీసిచ్చాను. మొహమాటపడి రెండే ముక్కలు పెట్టుకుంటే ఇంకో గరిటె నేనే వేశాను."

"పిల్లలు?"

"ఇద్దరు. బాబుకి తొమ్మిది, పాపకి అయిదు. వాళ్ళ నాన్నా తాతా గొర్రెల్ని తోలుకుని సోన్‌కుల్ మేతకు వెళ్తూ తీసుకెళ్ళారు. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. ఇదంతా వాళ్ళ చెవిన పడకపోవడమే నయం."

బురుల్ లేచింది. ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది.

"చెప్పాల్సింది అప్పుడే పుస్తకంలో రాశాను," అంది జిపార్. "పుస్తకంలో రాసింది ఎవరు చదువుతారు."

ఆపరేటరు రోజూ వేడి, ఒత్తిడి రాసే ఆ పుస్తకం ఇల్గిజ్ దగ్గరుంది. మే 1 నుంచి జూన్ 13 వరకు. బురుల్ ప్రతి పేజీ చూసింది. ఎక్కడా ఏ వ్యాఖ్యా లేదు.

10:05కి ఆమె ఆటోక్లేవ్‌ల హాలులోకి వెళ్ళింది. ఫ్యాక్టరీ ఆగిపోయి రెండు రోజులైంది. రెండు పీపాలూ మూతలు తెరిచి ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. హాలు గోడ మీద వేలాడుతున్న థర్మామీటరు 14 డిగ్రీలు చూపుతోంది. ఒక్కో పీపాకు రెండు గుండ్రటి ముఖాలున్నాయి. ఒకటి వేడి చూపేది, రెండోది ఆవిరి ఒత్తిడి చూపేది. వేడి చూపేదాని మీద నీలం కాగితం అంటించి ఉంది: సరిచూసిన తేదీ మార్చి 14. వెనక మరకు సీసం ముద్ర వేసి ఉంది. ఒత్తిడి చూపేదాని మీద కాగితం నిరుటిది, గడువు అయిపోయింది.

మొదటి పీపా థర్మామీటరులో ముల్లు 21 దగ్గర ఉంది. రెండోదానిలోనూ 21 దగ్గరే ఉంది. బురుల్ పీపా లోపల చెయ్యి పెట్టి చూసింది. గోడ దగ్గరకు వెళ్ళి మళ్ళీ చూసి వచ్చింది. నోటు పుస్తకంలో మూడు అంకెలు రాసుకుంది. 14, 21, 21.

వెనకే వచ్చిన ఇల్గిజ్ అది చూశాడు. ఇవి నూట ఇరవై కొలిచే పరికరాలని, చలిలో ఎంత చూపినా లెక్కలోకి రాదని చెప్పాడు. బురుల్ సరేనంది. గీత గీసే యంత్రం సంగతి అడిగింది. దాని కలాన్ని రోజూ పొద్దున ఈ ముల్లు చూసే సరిపెడతారట. రెండూ తేడా వస్తే ముల్లు మాటే చెల్లుతుంది, ఫ్యాక్టరీ నియమం అది.

"అంటే కాగితం రెండో సాక్షి కాదు," అంది బురుల్. "మొదటి సాక్షి చెప్పింది వల్లిస్తోంది."

11 గంటలకు క్యాంటీన్‌లో వంటమనిషి కాలిపా ఆమెకు టీ ఇచ్చింది. అరవై మూడేళ్ళ మనిషి, అందరికీ అపా, అంటే అమ్మలాంటిది. ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి అక్కడే వండుతోంది. పనివాళ్ళు రోజూ ఈ డబ్బాలే తింటారు కదా, ఒక్కరికీ ఏమీ కాలేదెందుకని బురుల్ అడిగింది. తను ఏ డబ్బా అయినా బంగాళాదుంపలతో కలిపి మళ్ళీ అరగంట కుతకుత ఉడికిస్తానని కాలిపా చెప్పింది. ఆ విషం అంతసేపు మరిగితే పోతుందని డాక్టరు బురుల్‌కు ముందే చెప్పింది. పైకప్పు మీద పనిచేసినవాళ్ళు చల్లగా తిన్నారు.

"ఇదివరకు అంతసేపు ఉడికించేదాన్ని కాదు," అంది కాలిపా. "నౌరూజ్ పండగ దాకా మన డబ్బాలో నరం నాలిక మీద కరిగిపోయేది. ఆ తరువాత నమలాల్సి వస్తోంది. నా పళ్ళే పాడయ్యాయనుకున్నా. పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. ఆయన ఒకటి పీకి పంపాడు."

బురుల్ కప్పు కింద పెట్టింది.

"నౌరూజ్ దాకా అంటే జూన్ కాదా, అపా? మార్చి నుంచేనా?"

"మార్చి నుంచే. ఆ ముళ్ళు బాగుచేసేవాడు వచ్చి వెళ్ళినప్పటి నుంచి అనుకో. గుర్తెందుకంటే నా పెద్ద కెటిల్ పట్టుకుపోయి అడుగు మాడ్చి తెచ్చాడు."

ఆమె చెప్పినదాన్ని బట్టి మార్చి 14న ఒక మనిషి రాజధాని నుంచి చేతి పెట్టెతో వచ్చాడు. పీపాల థర్మామీటర్లు రెండూ విప్పి క్యాంటీన్‌కు తెచ్చాడు. కెటిల్‌లో నీళ్ళు మరిగించి వాటి కాడలు ముంచాడు. రెండూ తప్పు చూపిస్తున్నాయన్నాడు. వెనక మర తిప్పాడు. పులుసు తాగి, బాగుందని చెప్పి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

11:20కి బురుల్ కొలత పరికరాల ఇన్‌చార్జి గదికి వెళ్ళింది. రఫాయిల్ గబీతొవ్, 46. కింద మైదానంలో కాంత్ నుంచి రెండేళ్ళ కిందట వచ్చాడు. ఆమె అడక్కముందే సర్టిఫికెట్లు రెండూ బల్ల మీద పెట్టాడు. గోడకున్న పట్టికలో ఫ్యాక్టరీలోని ప్రతి కాటా, ప్రతి ముల్లు పేరు, గడువు తేదీ రంగులు వేసి రాసి ఉన్నాయి.

ప్రతి ఏడాది థర్మామీటర్లను రాజధాని ల్యాబుకు పంపాలి. పోవడం, రావడం, వరుసలో ఆగడం అంతా కలిపి పన్నెండు రోజులు. మార్చిలో పశువుల కోతల కాలంలో పన్నెండు రోజులు పీపాలు ఆపడం కుదరదని డైరెక్టరు అన్నాడు. అందుకని గబీతొవ్ ఒక మనిషినే పైకి రప్పించాడు. ఆ మనిషికి లైసెన్సు ఉంది. ముద్ర ఉంది. ఇవన్నీ గబీతొవ్ కాగితాలు చూపిస్తూ చెప్పాడు.

బురుల్ సర్టిఫికెట్ చదివింది. ఆరో వరసలో ఇలా ఉంది: మరిగే నీటిలో, సరిచేయక ముందు 93.5, సరిచేశాక 100.0. రెండో సర్టిఫికెట్‌లోనూ అవే అంకెలు.

"ఎన్ని చోట్ల సరిచూశాడు, రఫాయిల్ గారూ?"

"ఒక చోట. మరిగే నీళ్ళ దగ్గర. అది మారని గుర్తు కదా."

"రెండు పరికరాలూ ఒకే లెక్కలో తప్పుగా ఉన్నాయి. అతనికి వింతగా అనిపించలేదా? మీకు?"

"ఒకే కంపెనీవి. ఒకే రోజు బిగించినవి." అతను భుజాలు ఎగరేశాడు. "నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయండీ. చిన్న బడిలోనే చెబుతారు."

"ఏ ఊరి బడి?"

అతను ఆరో వరస మళ్ళీ చూశాడు. అతని చెయ్యి సర్టిఫికెట్ మీద ఉంది. కాసేపటికి తీసేశాడు.

11:45కి బురుల్ వాతావరణ కేంద్రానికి ఫోను చేసింది. అక్కడి డ్యూటీ ఉద్యోగిని ఆ నిమిషంలో గాలి ఒత్తిడి 597 మిల్లీమీటర్లని చెప్పింది. మార్చి 14 మధ్యాహ్నం ఎంతో పుస్తకం తీసి చూసింది: 598. ఆ ఒత్తిడిలో నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయని అడిగితే పట్టిక చూసి 93.5 అంది. నారిన్ సముద్ర మట్టానికి రెండు వేల మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి పలచన, నీళ్ళు తొందరగా మరుగుతాయి, మాంసం ఆలస్యంగా ఉడుకుతుంది. ఈ ఊళ్ళో పొయ్యి దగ్గర పెరిగిన ఎవరికైనా అది తెలుసు. థర్మామీటర్లు మార్చిలో నిజమే చెప్పాయి. సరిచేసినవాడు వాటికి ఆరున్నర డిగ్రీల అబద్ధం నేర్పి ముద్ర వేసి వెళ్ళాడు.

12:30కి క్యాంటీన్‌లో ఇల్గిజ్, గబీతొవ్, ఇద్దరు సాక్షుల ఎదుట బురుల్ నీళ్ళు మరిగించింది. మాడిన కెటిలే. ఆసుపత్రి ల్యాబు నుంచి తెప్పించిన గాజు థర్మామీటర్లు రెండు, పీపా నుంచి విప్పిన థర్మామీటరు ఒకటి అందులో ముంచింది. గాజువి రెండూ 93.4 దగ్గర ఆగాయి. పీపాది నూరు దగ్గర ఆగింది. నాలుగు నిమిషాలు చూశారు. ముల్లు కదల్లేదు.

"కెటిల్ పెట్టి కేసు నడుపుతారా, ఎజె?" అన్నాడు ఇల్గిజ్.

కాలిపా పొయ్యి మంట తగ్గిస్తూ, అతని వైపు తిరక్కుండానే మాట్లాడింది. "నాయనా, ఈ ఊళ్ళో నూరు డిగ్రీల టీ తాగినవాడు ఇంకా పుట్టలేదు."

బురుల్ లెక్క చెప్పింది. ముల్లు 120 అన్నప్పుడు పీపాలో ఉన్నది 113న్నర. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే ఆ క్రిమి చావడానికి పది రెట్లు సమయం పడుతుందని డాక్టరు చెప్పింది. ఆరున్నర తగ్గితే నాలుగు రెట్లు దాటుతుంది. పీపాలో ఉంచింది తొంభై నిమిషాలే. ఏ తట్టా దారి తప్పలేదు. అన్ని తట్టలూ పీపాలోకి దిగాయి, అన్నీ సగం పచ్చిగా బయటికి వచ్చాయి.

ఇల్గిజ్ గాజు థర్మామీటర్లను ఒకదాని తరువాత ఒకటి తీసి చూసి మళ్ళీ ముంచాడు. తరువాత అతను అడిగిన ప్రశ్న బురుల్ ఊహించినదే.

"ఒత్తిడి చూపే ముల్లు అబద్ధం చెప్పలేదు కదా. అది మార్చి నుంచి తక్కువే చూపించి ఉంటుంది. ఆవిడ మూడు నెలలు దాని ఎదురుగా నిలబడింది. మీరు ఆవిడని విడిపించలేదు, ఎజె. తెలిసి చేసిందని రుజువు చేశారు."

మే నుంచి ఉన్న పుస్తకంలో ఒత్తిడి వరస నిండా 0.8 బార్ అనే ఉంది. అది నిజం. 120 డిగ్రీల ఆవిరికి ఇక్కడ 1.2 ఉండాలి.

మార్చి పుస్తకం ఎక్కడుందని బురుల్ గబీతొవ్‌ను అడిగింది. పాత పుస్తకాలు పారేశామన్నాడు. ఎప్పుడని అడిగింది. గుర్తు లేదన్నాడు. కానిస్టేబుళ్ళు ఇద్దరు బాయిలర్ గదిలో, పొయ్యి రాజేయడానికి వేసిన కాగితాల గుట్టలో వెతికారు. 13:35కి దొరికింది. అట్ట లేదు. పేజీలున్నాయి.

మార్చి 13: వేడి 120, ఒత్తిడి 1.2. మార్చి 15: వేడి 120, ఒత్తిడి 0.8. ఆ రోజు వ్యాఖ్యల గడిలో జిపార్ చేతిరాత: "రెండు ముళ్ళకూ పొంతన లేదు. నిన్నటిదాకా 1.2 ఉండేది. ఇన్‌చార్జికి చెప్పాను." 16న మళ్ళీ అదే. 17న మళ్ళీ: "ఒత్తిడి 1.2 వచ్చేదాకా ఆవిరి పెంచనా? అప్పుడు ముల్లు 126 దాటుతోంది."

దాని కింద వేరే చేతిరాత, నీలం సిరా: "థర్మామీటరుకు ముద్ర ఉంది. ఒత్తిడి ముల్లుకు గడువు అయిపోయింది. ముద్ర ఉన్నదాన్నే నమ్మాలి. 120 దాటితే ఇంధనం వృథా కింద జీతంలో కోత." కింద సంతకం, తేదీ.

18 నుంచి వ్యాఖ్యల గడి ఖాళీ.

బురుల్ పేజీని గబీతొవ్ ముందు పెట్టింది. సంతకం ఎవరిదని అడిగింది. అతను తనదేనన్నాడు. ఇంకేమీ అడగలేదామె.

ఇల్గిజ్ పేజీని రెండుసార్లు చదివాడు. అరెస్టు ఉత్తర్వు తీసి పేరు ఉన్నచోట అడ్డంగా గీత గీశాడు.

"ఏడేళ్ళ కిందట కూడా ఇలాగే చేశారు," అన్నాడు. "నేను వండుకున్నాక కుండ బోర్లించడం."

"ఉడికిందో లేదో చూడకుండా దించుతావు, తమ్ముడూ. అదే చెబుతూ వచ్చాను."

14:20కి వాళ్ళిద్దరూ జిపార్ ఉన్న గదికి వెళ్ళారు. బురుల్ పుస్తకం చూపించింది. తప్పు ఆమెది కాదని, మార్చి 14 నుంచి థర్మామీటర్లే తప్పు చూపుతున్నాయని చెప్పింది. వెళ్ళిపోవచ్చని ఇల్గిజ్ చెప్పాడు.

జిపార్ లేవలేదు.

"జూన్ 5న అన్నారు కదా," అంది. "ఒక్క బ్యాచే అన్నారు కదా."

"ఒక్కటి కాదు. మార్చి 14 తరువాత ఈ పీపాల్లో ఉడికిన ప్రతి డబ్బా."

"ఏప్రిల్‌వి బాగానే ఉన్నాయి. మేవి బాగానే ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు."

గోదాముకు వేడి ఏర్పాటు లేదని, మే చివరిదాకా అందులో చలేనని, ఆ క్రిమి చలిలో నిద్రపోతుందని బురుల్ చెప్పింది. ఎండలు మొదలయ్యాక లేచింది. డబ్బా వెచ్చగా ఉన్నచోట వారం పది రోజులు చాలు.

"మా ఏప్రిల్ పెట్టె," అంది జిపార్. "పిల్లలతో పంపాను. ఇరవై నాలుగూ ఉన్నాయి. జూన్ 4న వెళ్ళారు. గుర్రం మీద, ఎండలో."

ఆమె లేచి తలుపు దగ్గరకు వెళ్ళింది.

"అక్కడ కట్టెలు లేవు, పొయ్యిలో పిడకలే. పొద్దున పాలు మాత్రమే కాస్తారు, ఎజె. మధ్యాహ్నం అన్నీ చల్లవే తింటారు."

సోన్‌కుల్ సరస్సు ఒడ్డున పశువుల డాక్టరు శిబిరంలో రేడియో ఉంది. అది రోజుకు రెండుసార్లే తెరుస్తారు, పన్నెండుకీ ఆరుకీ. పన్నెండు దాటిపోయింది. కారులో దారి నాలుగు గంటలు. పోలీసు జీపుకు కనుమ మీద రెండుసార్లు ఆగి నీళ్ళు పోయాలి. జిపార్‌ను రాజధానికి తీసుకెళ్ళడానికి ఇల్గిజ్ కారు గేటు దగ్గర సిద్ధంగా ఉంది, ట్యాంకు నిండా పెట్రోలుంది. అతను తాళాలు తీసి డ్రైవరు చేతికివ్వలేదు, తనే ఎక్కాడు.

ఆసుపత్రి డాక్టరు విరుగుడు మందు రెండు సీసాలు మంచు పెట్టెలో పెట్టి గేటు దగ్గరకు తెచ్చింది. అక్కడ మిగిలినవి అవే. రాజధాని నుంచి రావాల్సినవి రాత్రికి గాని రావు. లక్షణాలు ముదిరాక ఎక్కిస్తే ఉపయోగం తగ్గిపోతుందని ఆమె ఇల్గిజ్‌కు రెండుసార్లు చెప్పింది.

జిపార్ వెనక సీటులో కూర్చుంది. 14:41కి కారు బయలుదేరింది.

బురుల్ ఊళ్ళో ఉండిపోయింది. మార్చి 14 తరువాత ఫ్యాక్టరీ గేటు దాటిన డబ్బాల రిజిస్టరు తెరిచింది. 31 బ్యాచ్‌లు. 52,080 డబ్బాలు. ఏడు జిల్లాల దుకాణాలకు, రెండు సరిహద్దు ఠాణాలకు వెళ్ళాయి. 15:10కి మొదటి జిల్లాకు ఫోను చేసింది. 17:30కి ఏడో జిల్లా అయింది. గబీతొవ్‌ను 16:05కి స్టేషనుకు తీసుకెళ్ళారు. సరిచేసిన మనిషి చిరునామా రాజధాని పోలీసులకు చేరింది. మార్చి నెలలో అతను పైకొండ జిల్లాల్లో ఇంకెక్కడెక్కడ మర తిప్పాడో కనుక్కోమని ఆమె రాసింది.

18:00కి పశువుల ఆసుపత్రిలోని రేడియో దగ్గర కూర్చుంది. సోన్‌కుల్ పలికింది. కారు ఇంకా రాలేదంది. మనిషిని గుర్రం మీద పంపమని, డబ్బాలు ముట్టుకోవద్దని చెప్పమని బురుల్ చెప్పింది. రేడియో మూయొద్దంది.

18:52కి ఇల్గిజ్ మాట్లాడాడు. అంకెలు ముందు చెప్పాడు. పెట్టె దొరికింది. తెరిచి ఉంది. ఇరవై నాలుగింటిలో ఇరవై రెండు ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం ఒకటి, ఇవాళ మధ్యాహ్నం ఒకటి తెరిచారు. నిన్నటిది పిల్లలిద్దరే తిన్నారు, ఇవాళ్టిది తాత కూడా తిన్నాడు, నాన్న రెండు రోజులూ గొర్రెల వెంట ఉన్నాడు. బాబు బాగానే ఉన్నానంటున్నాడు.

పాప పొద్దుటి నుంచి గుర్రానికి రెండు తలలున్నాయని చెబుతూనే ఉంది. తాత ఆటనుకున్నాడు.